చిట్టెలుకల తీపి ఇష్టం: ఒక్క జన్యువు పనేనా?

జువాలజీ మాస్టారు
సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. తెనాలి దగ్గర ఒక జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. పోయిన వారం మెండెల్ పాఠం నడుస్తుండగా ఒక అమ్మాయి లేచి, "సార్, మా అన్న స్వీటు కనబడితే ఆగలేడు. నాకేమో ముట్టాలనిపించదు. ఇది కూడా జన్యువుల వల్లేనా?" అని అడిగింది. ఇరవై ఏళ్లుగా ఈ పాఠం బఠానీ మొక్కలతోనే చెబుతున్నాను. ఆ ప్రశ్న ఇంటికొచ్చాక కూడా మనసులోంచి పోలేదు.

మనుషుల్లో దీన్ని తేల్చడం కష్టం. తిండి, పెంపకం, ఇంట్లో అలవాట్లు అన్నీ కలిసిపోతాయి. చిట్టెలుకల్లో మాత్రం చాలా దూరం తేల్చారు. నాకు తెలిసినంత రాస్తాను, మిగతాది మీరు చెప్పండి.

ల్యాబుల్లో శుద్ధ వంశాల ఎలుకలుంటాయి. తరతరాలుగా తోబుట్టువులకే జత కట్టించి పెంచినవి. అందుకే ఒక వంశంలోని ఎలుకలన్నీ జన్యువుల లెక్కన కవలల్లాంటివి. 1974లో జాన్ ఫుల్లర్ అనే శాస్త్రవేత్త రెండు వంశాలు తీసుకున్నారు. సీ57బీఎల్/6 అనేదాని ముందు ఒక సీసాలో మంచినీళ్లు, ఒక సీసాలో సాకరిన్ కలిపిన నీళ్లు పెడితే అది సాకరిన్ సీసాకే అతుక్కుపోతుంది. డీబీఏ/2 అనే వంశానికి అంత మోజు లేదు. రెండింటినీ కలిపితే పుట్టిన మొదటి తరమంతా తీపి వైపే మొగ్గింది. ఆ పిల్లల్ని తిరిగి డీబీఏతో కలిపితే వచ్చినవి ఇంచుమించు సగం అటు, సగం ఇటు. అచ్చంగా మెండెల్ లెక్క! ఆ జన్యు స్థానానికి సాకరిన్ పేరు మీదుగానే 'సాక్' అని పేరు పెట్టారు.

నాకు రెండు సంగతులు తెలియాలి. ఆ స్థానంలో ఉన్న జన్యువు చివరికి ఏదని తేలింది? ఇంకోటి, మనం 'ఇష్టం' అంటున్నది ఎలుక నాలుకలో ఉందా, మెదడులో ఉందా? ఆ అమ్మాయికి ఏదో ఒకటి చెప్పి పంపించాలని లేదు.

రెండు సీసాలు
సోమవారం రాత్రి 11:15

మాస్టారూ, మంచి ప్రశ్న వేసింది మీ స్టూడెంట్. నేను ఎలుకల ప్రవర్తన మీద పనిచేసే ల్యాబులో నాలుగేళ్లు రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేశాను. ఇప్పుడు పిల్లల్ని చూసుకుంటూ ఇంట్లోనే ఉన్నాను. జన్యువు సంగతి తెలిసినవాళ్లు చెబుతారు. నేను ఆ రెండు సీసాల పరీక్ష గురించి చెబుతాను, ఎందుకంటే 'ఇష్టం' అనే మాటంతా దాని మీదే నిలబడి ఉంది.

పంజరంలో ఒకటే ఎలుక. పైన జాలీ మీద రెండు సీసాలు, రెండింటికీ స్టీలు గొట్టాలు. పెట్టే ముందు ఒక్కో సీసా తూకం వేసి రాసుకోవాలి, 24 గంటల తర్వాత తీసి మళ్లీ తూచాలి. ఉదాహరణకి తీపి సీసా 6.3 గ్రాములు తగ్గి, నీళ్ల సీసా 0.9 గ్రాములు తగ్గిందనుకోండి. మొత్తం తాగింది 7.2. అందులో తీపి వాటా 87.5 శాతం. యాభై దగ్గర ఉంటే తేడా పట్టించుకోవట్లేదని, వందకి దగ్గరైతే బాగా ఇష్టమని, యాభై కిందకి పోతే వద్దంటోందని అర్థం.

చెప్పడానికి ఇంతే. చేతికొచ్చేసరికి తెలుస్తుంది. ఎలుకలకి పక్కల పట్టింపు ఉంటుంది. కొన్ని ఎప్పుడూ కుడి పక్క సీసానే తాగుతాయి, అందులో ఏమున్నా సరే. అందుకే రెండో రోజు సీసాలు తారుమారు చేసి, రెండు రోజుల సగటు తీస్తాం. గొట్టం కొసన గాలి బుడగ ఇరుక్కుంటే చుక్క రాదు. అప్పుడు పాపం ఎలుక తాగాలనుకున్నా తాగలేదు, మనమేమో దానికి ఇష్టం లేదని రాసుకుంటాం.

నేను చేరిన కొత్తలో ఒక వారం మొత్తం లెక్కలు పోయాయి. తీపి పట్టని వంశం ఉన్నట్టుండి సాకరిన్ తెగ తాగేస్తున్నట్టు వచ్చింది. మా మేడంతో సహా అందరం సంబరపడ్డాం. తీరా మూడో రోజు పంజరం కింద చెయ్యి పెట్టి చూస్తే రంపపు పొట్టు ఒక మూల తడిసి ముద్దయి ఉంది. ట్రాలీ తోసేటప్పుడు కుదుపుకి సీసా కారిపోయింది! అప్పట్నుంచి ఎలుక లేని ఖాళీ పంజరానికి కూడా రెండు సీసాలు పెట్టేదాన్ని. దానిలో ఎంత కారిందో అంత మిగతా వాటిలోంచి తీసేయాలి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మనం కొలిచింది 'రెండు రోజుల్లో ఎంత తాగింది' అని మాత్రమే. నాలుక, కడుపు, అలవాటు, కొత్తదంటే బెదురు, అన్నీ ఆ ఒక్క అంకెలోనే ఉంటాయి.

సందేహం
మంగళవారం ఉదయం 7:05

నేను బీఎస్సీ సెకండ్ ఇయర్. ఒక డౌట్ అక్కా. పంచదార పెట్టకుండా సాకరిన్ ఎందుకు పెట్టారు? పంచదార అయితే ఇంకా సహజం కదా?

రెండు సీసాలు
మంగళవారం ఉదయం 8:30

అసలు కిటుకు అక్కడే ఉంది తమ్ముడూ. సాకరిన్‌లో క్యాలరీలు లేవు. ఎలుక దాన్ని తాగితే నాలుకకి తీపి తెలుస్తుంది గానీ ఒంట్లోకి శక్తి చేరదు. కాబట్టి తేడా కనిపిస్తే అది ఎక్కువ భాగం రుచి తేడానే. పంచదార పెడితే నాలుక తెలుసుకునేది, కడుపు తెలుసుకునేది కలిసిపోతాయి.

ఇంకో జాగ్రత్త ఉంది. సాకరిన్ ఎక్కువైతే చేదు. మనకీ అంతే, టాబ్లెట్ నేరుగా నాలుక మీద పెట్టుకుంటే చివర్లో చేదు తగులుతుంది. ఎలుకలు కూడా పలచటి ద్రావణం ఇష్టపడి, చిక్కబడేకొద్దీ వెనక్కి తగ్గుతాయి. గాఢత సరిగ్గా చూసుకోకపోతే తీపి జన్యువని వెతుకుతూ చేదు జన్యువు దగ్గర తేలతాం.

కొసరు
మంగళవారం మధ్యాహ్నం 1:20

మాస్టారు గారి మొదటి ప్రశ్నకి నేను చెబుతాను. హైదరాబాద్‌లో మాలిక్యులర్ బయాలజీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. నా టాపిక్ ఇది కాదు గానీ జన్యువుని ఎలా పట్టుకుంటారో నేర్పడానికి మా గైడ్ మాకు చెప్పిన మొదటి కథ ఇదే.

1974లో ఫుల్లర్‌కి తెలిసింది 'ఒక జన్యువు ఉంది' అని మాత్రమే. ఎక్కడుందో తెలీదు. తర్వాత పాతికేళ్లు దాని వెంట పడ్డారు. ఫిలడెల్ఫియాలో మోనెల్ అనే కేంద్రం ఉంది, రుచి, వాసనల మీదే పనిచేస్తుంది. అక్కడ బాచ్‌మనోవ్, బోషాంప్ వాళ్ల జట్టు బీ6 ఎలుకల్ని (మాస్టారు చెప్పిన సీ57బీఎల్/6నే పొట్టిగా ఇలా అంటారు) 129 అనే వంశంతో కలిపి (129 కూడా సాకరిన్‌ని పెద్దగా పట్టించుకోదు), వాటి మనవల తరంలో ఒక్కో ఎలుకకీ రెండు సీసాల పరీక్ష చేసి, డీఎన్ఏ గుర్తులతో సరిచూశారు. సాక్ స్థానం నాలుగో క్రోమోజోము కొసన ఉందని ఖాయమైంది. ఆ పైన తరం తర్వాత తరం కలుపుతూ, క్రోమోజోము ముక్కలు మార్చుకున్న ఎలుకల్ని ఏరుకుంటూ, వెతకాల్సిన జాగాని తగ్గించుకుంటూ పోయారు. పంట పొలంలో పాము దూరితే గట్టు గట్టునా మనుషుల్ని నిలబెట్టి దగ్గరికి వచ్చినట్టు.

ఇంకోపక్క 1999లో జూకర్, రైబా వాళ్ల జట్లు నాలుక మీది రుచి కణాల్లో రెండు కొత్త గ్రాహకాలు (రుచి పదార్థాన్ని పట్టుకునే ప్రోటీన్లు) కనిపెట్టాయి. టీ1ఆర్1, టీ1ఆర్2. రెండూ నాలుగో క్రోమోజోము మీదే. అందరికీ ఆశ పుట్టింది గానీ, జాగ్రత్తగా చూస్తే సాక్ ఉన్న చోటుకి అవి సరిపోలేదు.

అప్పుడే మానవ జన్యుపటం ముసాయిదా బయటికొచ్చింది. ఎలుక నాలుగో క్రోమోజోము కొసకి సరితూగే భాగం మనిషిలో ఒకటో క్రోమోజోము కొసన ఉంది. మార్గోల్‌స్కీ జట్టు ఆ మానవ డీఎన్ఏలో వెతికితే అదే కుటుంబానికి చెందిన మూడోది కనబడింది. టీ1ఆర్3. 2001లో ఒకే ఏడాది నాలుగైదు జట్లు ఒకదానికొకటి సంబంధం లేకుండా ఇదే జన్యువు దగ్గరికొచ్చి చేరాయి. అందులో మోనెల్ వాళ్లూ ఉన్నారు, జూకర్, రైబా వాళ్లూ ఉన్నారు, హార్వర్డ్‌లో లిండా బక్ జట్టూ ఉంది. నాకు ఇందులో బాగా నచ్చేది ఇదే. తలా ఒక దారిన బయల్దేరి అందరూ ఒకే గడప దగ్గర కలిశారు.

సరే, జన్యువు దొరికింది. కానీ అదే సాక్ అని రుజువేంటి? జూకర్, రైబా వాళ్లు తీపి పట్టే వంశం నుంచి టీ1ఆర్3 జన్యువు తీసి, తీపి పట్టని 129 ఎలుకల్లో చేర్చారు. ఆ ఎలుకలు పలచటి తీపిని కూడా పట్టే వంశం లాగే తాగాయి. ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఏం కావాలి?

కొసరు
మంగళవారం మధ్యాహ్నం 1:45

ఒకటి మర్చిపోయాను. తేడా ఎంత చిన్నదో చెప్పాలి. ఈ ప్రోటీన్‌లో 850కి పైగా అమైనో ఆమ్లాలున్నాయి. పట్టే వంశాల్లో 60వ చోట ఐసోల్యూసిన్ ఉంటే, పట్టని వంశాల్లో అదే చోట త్రియోనిన్ ఉంది. రెండు వైపులా తేడాలు ఇంకా ఉన్నాయి గానీ ప్రధాన అనుమానం దీని మీదే.

త్రియోనిన్ రావడం వల్ల అక్కడ ఒక చక్కెర గొలుసు కొత్తగా అతుక్కుని, గ్రాహకం జత కట్టకుండా అడ్డుపడుతుందేమోనని మొదట ఊహించారు. 2005లో ఆ ప్రోటీన్ ముక్కని విడిగా తయారుచేసి కొలిస్తే, తీపి పదార్థాన్ని పట్టుకునే పట్టే సడలిందని తేలింది. అంటే 129 ఎలుకకి తీపి అసలు తెలియకపోవడం కాదు. మందంగా తెలుస్తుంది. గాఢత పెంచితే అది కూడా పంచదార నీళ్ల వైపు వస్తుంది. 'పట్టే వంశం, పట్టని వంశం' అని రెండు గదులుగా రాసేస్తాం గానీ, నిజానికి అది వాల్యూమ్ తగ్గించిన రేడియో లాంటిది.

పిల్లి అమ్మ
మంగళవారం రాత్రి 8:10

చదువుతుంటే భలే ఉంది. మా ఇంట్లో మూడు పిల్లులు. పాలకోవా పళ్లెం పక్కన పడుకుంటాయి గానీ పంచదార వేసిన ఏదీ వాసన కూడా చూడవు. పాలు మాత్రం తాగుతాయి. వీటికి కూడా ఈ జన్యువు తేడా ఉందా అండీ?

కొసరు
మంగళవారం రాత్రి 8:55

మీ పిల్లులది ఇంకా పెద్ద తేడా అండీ. తీపి గ్రాహకం ఒంటరిది కాదు, టీ1ఆర్2, టీ1ఆర్3 జతగా కూడితేనే పనిచేస్తుంది. పిల్లుల్లో టీ1ఆర్3 బాగానే ఉంది. టీ1ఆర్2 జన్యువులో 247 అక్షరాల ముక్క ఎగిరిపోయింది. దాంతో ఆ ప్రోటీనే తయారవదు. ఇది 2005లో బయటపడింది, పులి, చీతాల్లో కూడా ఇదే. వాటికి తీపి 'ఇష్టం లేదు' అనడం కన్నా తీపి అనే రుచే వాటికి లేదనడం సరైనది. పాలు తాగేది కొవ్వు కోసం, రుచి కోసం.

చిత్రం ఏంటంటే అదే టీ1ఆర్3, టీ1ఆర్1తో జత కూడితే వేరే రుచి తెలుస్తుంది, మాంసపు పులుసులో ఉండే ఆ కమ్మదనం. మాంసం తినే పిల్లికి అది కావాలి. కాబట్టి టీ1ఆర్3ని పోగొట్టుకోలేదు, అక్కర్లేని టీ1ఆర్2 మాత్రం పాడైపోయినా దానికి నష్టం రాలేదు.

చక్కెర వైద్యం
బుధవారం ఉదయం 6:30

కరీంనగర్‌లో జనరల్ ఫిజీషియన్‌ని. రోజూ ముప్పై మంది షుగర్ పేషెంట్లని చూస్తాను. ఈ థ్రెడ్ రాత్రి మొత్తం చదివాను. నాకు అనిపించింది సూటిగా చెబుతాను. ఇంటివాళ్లు పేషెంటుని పట్టుకుని "నోరు కట్టుకోలేడు, బుద్ధి లేదు" అని తిడతారు, నా ముందే తిడతారు. తీపి కోరిక పుట్టుకతో వచ్చే జన్యువు తేడా అని ఎలుకల్లో తేలిపోయింది కదా. మరి ఆ మనిషి తప్పు ఏముంది? ఇది నా పేషెంట్లకి చెప్పొచ్చు కదా?

రెండు సీసాలు
బుధవారం ఉదయం 9:50

డాక్టర్ గారూ, పేషెంటుని తిట్టకూడదన్న మీ మాట నాకు నూటికి నూరు పాళ్లు సమ్మతం. కానీ దానికి ఈ ఎలుకల్ని సాక్ష్యం పిలవకండి. మూడు కారణాలున్నాయి.

మొదటిది, సాక్‌లో తేడా 'తీపి ఎంత బాగా తెలుస్తుంది' అనేదాంట్లో. నాలుకకి బాగా తెలియడం వేరు, తినకుండా ఉండలేకపోవడం వేరు. ఎలుకలో కూడా అవి వేరే.

రెండోది, జన్యువుని పూర్తిగా తీసేసినా కథ ముగియలేదు. 2003లో రెండు జట్లు టీ1ఆర్3 లేని ఎలుకల్ని తయారుచేశాయి. సాకరిన్ లాంటి కృత్రిమ తీపి మీద మోజు పోయింది. పంచదార మీద మాత్రం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. ఒక జట్టు దీన్ని చూసి 'ఇంకో గ్రాహకం ఉండాలి' అంది. రెండో జట్టు 'టీ1ఆర్2ని కూడా తీసేస్తే ఏమీ మిగల్లేదు' అంది. నేను ల్యాబులో ఉన్న రోజుల్లో కూడా దీని మీద వాదనలు వినేదాన్ని.

మూడోది నాకు అన్నిటికన్నా ముఖ్యం. అసలు తీపి తెలియని ఎలుక కూడా చివరికి పంచదార సీసా దగ్గరికే వెళ్తుంది. రుచి కణం లోపల సంకేతం పంపడానికి ట్రిప్ఎమ్5 అనే చానల్ కావాలి. అది లేని ఎలుకకి తీపి తెలీదు. 2008లో డ్యూక్ యూనివర్సిటీలో అలాంటి ఎలుకల ముందు పంచదార నీళ్లు, మామూలు నీళ్లు పెట్టారు. మొదట్లో తేడా తెలీలేదు. కొన్ని రోజులు రెండూ అలవాటయ్యాక పంచదార ఉన్న వైపుకే పోవడం మొదలెట్టాయి. వాటి మెదడులో డోపమిన్ (ఏదైనా మేలు దక్కినప్పుడు మెదడులో ఊరే రసాయనం) కూడా పెరిగింది. క్యాలరీలు లేని సుక్రలోజ్‌తో అలా జరగలేదు. అంటే నాలుక ఏమీ చెప్పకపోయినా కడుపు చెప్పింది.

సందేహం
బుధవారం ఉదయం 10:20

కడుపు చెప్పడమేంటి అక్కా? కడుపుకి రుచి ఉంటుందా?

కొసరు
బుధవారం మధ్యాహ్నం 12:40

రుచి అనకు గానీ, గుర్తుపట్టడం ఉంది. 2020లో కొలంబియా యూనివర్సిటీలో జూకర్ జట్టు (టీ1ఆర్2, టీ1ఆర్3 కథలో వచ్చిన ఆయనే) మామూలు ఎలుకల ముందు గ్లూకోజ్ నీళ్లు ఒక సీసాలో, ఏస్‌సల్ఫేమ్ అనే కృత్రిమ తీపి ఇంకో సీసాలో పెట్టింది. మొదట్లో రెండూ సమానంగా తాగాయి. రెండు రోజులయ్యేసరికి దాదాపు మొత్తం గ్లూకోజ్ సీసా నుంచే. పేగు గోడలో గ్లూకోజ్‌ని లోపలికి చేరవేసే ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రోటీన్ ఉంది. చక్కెర వచ్చిందన్న కబురు అక్కడ మొదలై వేగస్ నరం మీదుగా మెదడు కాండానికి పోతోంది. ఆ దారి మూసేస్తే గ్లూకోజ్ మీద మోజు ఏర్పడలేదు. తీపి రుచి మాత్రం అలాగే ఉంది.

మాస్టారు గారి రెండో ప్రశ్నకి జవాబు ఇక్కడ దొరుకుతుందనుకుంటాను. నాలుక చెప్పేది ఒకటి, పేగు చెప్పేది ఒకటి. సాక్ జన్యువు మొదటి దాంట్లోనే ఉంది.

చక్కెర వైద్యం
బుధవారం రాత్రి 10:05

మేడం, మీరు చెప్పిన మూడు కారణాల్లో రెండు ఒప్పుకుంటున్నాను. ఎలుక జన్యువు పేరు చెప్పి పేషెంటుకి ధైర్యం చెప్పడం సరికాదు, నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ మూడో కారణం నా వాదననే బలపరుస్తోంది కదా. చక్కెర మానేసి స్వీట్‌నర్ టాబ్లెట్ వాడమంటే నా పేషెంట్లు నెల తిరక్కుండా "అది తీపిగా ఉంటుంది గానీ తృప్తి ఉండదు సార్" అంటారు. పదిహేనేళ్లుగా వింటున్నాను. ఇది నోటి చాపల్యం అనుకునేవాణ్ని. పేగు నుంచి కబురు వేరే దారిన పోతుందని తెలిశాక ఆ మాట ఇంకోలా వినిపిస్తోంది.

రెండు సీసాలు
బుధవారం రాత్రి 10:40

ఆ మాటలో నిజం ఉండొచ్చు డాక్టర్ గారూ, మీరు దాన్ని మీ పేషెంట్ల దగ్గరే శ్రద్ధగా వినండి. ఎలుక నుంచి మనిషికి దూకేటప్పుడు మాత్రం చూసుకోవాలి. ఒక్క ఉదాహరణ ఇస్తాను. మీరు రాసే టాబ్లెట్లలో ఉండే అస్పర్టేమ్ మనకి తియ్యగా ఉంటుంది. ఎలుకకి ఏమీ తెలీదు, మంచినీళ్లలాగే చూస్తుంది. జూకర్, రైబా జట్టే మనిషి టీ1ఆర్2 జన్యువుని ఎలుకలో పెడితే ఆ ఎలుక అస్పర్టేమ్ తాగడం మొదలెట్టింది. ఒకే పేరున్న గ్రాహకం, రెండు జంతువుల్లో రెండు రకాలుగా ఉంది.

పొలంగట్టు
గురువారం ఉదయం 5:50

రెండు రోజులుగా చదువుతున్నాను, నాకు చదువు తక్కువ, సగం అర్థమైంది. మాది నల్లమల అంచున పల్లె. మా తాతగారు పొడపత్రి ఆకు తెచ్చి మా చేత నమిలించేవారు. నమిలి ఊసేసి నోట్లో పంచదార వేసుకుంటే ఇసుక వేసుకున్నట్టే ఉంటుంది, పలుకులు పళ్ల కింద కరకరలాడతాయి గానీ తీపి మచ్చుకైనా ఉండదు. బెల్లం ముక్క అయితే మట్టిగడ్డే. కాసేపటికి తిరిగి వస్తుంది. మరి పొడపత్రి ఎలుకకి పెడితే దాని తీపి కూడా పోతుందా?

కొసరు
గురువారం ఉదయం 11:30

పెద్దాయనా, ఈ థ్రెడ్‌లో ఇంతకన్నా మంచి ప్రశ్న రాలేదు. నిజంగా.

పొడపత్రి ఆకులో తీపిని కప్పేసే పదార్థాలు రెండు రకాలున్నాయి. ఒకటి జిమ్నెమిక్ ఆమ్లాలు. మీ నోట్లో పంచదారని ఇసుక చేసింది అవే. మనుషుల మీద బాగా పనిచేస్తాయి, ఎలుకల మీద దాదాపు పనిచేయవు. రెండోది గుర్మారిన్ అనే చిన్న ప్రోటీన్, 35 అమైనో ఆమ్లాలే. జపాన్ శాస్త్రవేత్తలు ఆకులోంచి వేరు చేశారు. ఇది తిరకాసు. ఎలుకల తీపిని తగ్గిస్తుంది, మనుషుల మీద దీని ప్రభావం చాలా తక్కువ. ఒకే ఆకులో మనకొకటి, వాటికొకటి!

ఇంకా ఉంది. ఎలుకల్లో కూడా అన్ని వంశాల మీద ఒకేలా పనిచేయదు. సీ57బీఎల్ వంశంలో నాలుక నరానికి గుర్మారిన్ పట్టిస్తే తీపి సంకేతం బాగా పడిపోతుంది. బాల్బ్ అనే తెల్ల ఎలుకల వంశంలో పెద్దగా తగ్గదు. అంటే తీపి ఎలా తెలుస్తుందనే దాంట్లో వంశానికీ వంశానికీ తేడాలు సాక్ ఒక్కదానితో తీరిపోలేదు.

రెండు సీసాలు
గురువారం మధ్యాహ్నం 2:15

కొసరు చెప్పినదానికి చిన్న సవరణ. 'నాలుక నరానికి పట్టించడం' కాదు, గుర్మారిన్‌ని నాలుక మీద పోసి, నాలుక ముందు భాగం నుంచి వచ్చే నరంలో సంకేతాన్ని కొలుస్తారు. ఈ తేడా ముఖ్యం, ఎందుకంటే నరం కొలతలో కడుపు జోక్యం ఉండదు. సీసా పరీక్షతో నాకున్న బెంగ తీర్చేది ఇదే. ఇంకో దారి కూడా ఉంది, ఎలుకకి గొట్టాన్ని కొన్ని సెకన్లు మాత్రమే అందించి ఎన్నిసార్లు నాకిందో మిషన్‌తో లెక్కపెట్టడం. అంత కొద్దిసేపట్లో కడుపు నుంచి కబురు రాదు. అలా చూసినా బీ6, 129 మధ్య తేడా నిలబడింది, కాబట్టి సాక్ తేడా నాలుకదే అని నమ్మకంగా చెప్పొచ్చు.

కొసరు
గురువారం మధ్యాహ్నం 2:30

అవును మేడం, తప్పు రాశాను. నాలుక మీదే.

సందేహం
గురువారం సాయంత్రం 6:00

బీ6 ఎలుకలు మందు కూడా తాగుతాయని ఎక్కడో చదివాను. దీనికి సంబంధం ఉందా?

రెండు సీసాలు
గురువారం రాత్రి 9:20

ఉంది, కొంత. బీ6 ఎలుక పది శాతం ఆల్కహాల్ కలిపిన నీళ్లు తనంతట తానే తాగుతుంది, డీబీఏ దగ్గరికి రాదు. ఇది 1950ల నుంచే తెలుసు. ఎలుకకి ఆల్కహాల్‌లో కొంత తీపి తగులుతుంది. టీ1ఆర్3 తీసేసిన ఎలుకల్లో ఆల్కహాల్ తాగడం కూడా తగ్గింది. అలాగని తాగుడు జన్యువు దొరికిందని అనకూడదు. ఆల్కహాల్‌లో చేదు, మంట కూడా ఉన్నాయి, అరిగే తీరు వేరు, మెదడు మీద పనిచేసే తీరు వేరు. వాటిలో తీపి ఒక పాయ.

జువాలజీ మాస్టారు
శుక్రవారం రాత్రి 9:30

నాలుగు రోజులుగా ఒక్కో జవాబూ రెండేసి సార్లు చదివాను. అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. ఈ రోజు క్లాసులో చెప్పాను.

బోర్డు మీద బీ6, డీబీఏ రాసి, మొదటి తరం, తిరుగు సంకరం వాళ్ల చేతే వేయించాను. సగం సగం అని వాళ్లే తేల్చారు. తర్వాత సీసాల తూకం లెక్క ఇచ్చాను. తడిసిన రంపపు పొట్టు సంగతి చెప్పగానే వెనక బెంచీ వాళ్లు కూడా తలెత్తారు. "మరి సార్, ఖాళీ పంజరం పెట్టకపోతే ఏం తేలుండేది?" అని ఒకబ్బాయి అడిగాడు. అరగంట దాని మీదే గడిచింది, సిలబస్ కదల్లేదు, నాకు బాధ లేదు.

ఆ అమ్మాయికి ఇలా చెప్పాను. "మీ అన్నకీ నీకూ నాలుకలో తేడా ఉండొచ్చు. మనుషుల్లో కూడా ఇదే జన్యువు ముందు భాగంలో తేడాలున్నవాళ్లకి పలచటి పంచదార నీళ్లు గుర్తుపట్టడంలో తేడా ఉందని 2009లో చూశారు. కానీ మీ అన్న మైసూర్‌పాక్ డబ్బా ఖాళీ చేయడానికి అదే కారణమని నేను చెప్పలేను." ఆమె కాసేపు ఆలోచించి, "అంటే మా ఇద్దరికీ రెండు సీసాలు పెట్టి చూడాలి సార్" అంది.

చూద్దామన్నాను. వచ్చే శనివారం ప్రాక్టికల్స్‌లో పంచదార నీళ్లు ఆరు గాఢతల్లో చేసి, గ్లాసుల మీద నంబర్లు మాత్రమే వేసి, ఎవరికి ఎక్కడ తీపి మొదలవుతుందో రాయించాలనుకుంటున్నాను. రెండు సీసాలు గారూ, గ్లాసుల వరుస ఎలా పెట్టమంటారు?

రెండు సీసాలు
శుక్రవారం రాత్రి 10:10

పలచటిది ముందు, చిక్కటిది తర్వాత పెట్టండి మాస్టారూ. చిక్కటిది ముందు తాగితే తర్వాతవన్నీ నీళ్లలా ఉంటాయి. ప్రతి గాఢతకీ మూడు గ్లాసులు పెట్టండి, రెండింటిలో ఉత్త నీళ్లు, ఒకదాంట్లో పంచదార. ఏది తీపో కనుక్కోమనండి, అప్పుడు ఊహించి చెప్పినవాళ్లు బయటపడతారు. మధ్యమధ్య మంచినీళ్లతో పుక్కిలించాలి. అన్ని గ్లాసులూ ఒకే వేడిలో ఉండాలి, ఫ్రిజ్ నీళ్లు వద్దు, చల్లటివాటిలో తీపి తగ్గినట్టు తెలుస్తుంది. షుగర్ ఉన్న పిల్లలెవరైనా ఉంటే ముందే అడిగి తెలుసుకోండి.

పొలంగట్టు
శనివారం ఉదయం 5:40

మాస్టారూ, వచ్చే శనివారం అంటున్నారు కదా. గురువారం నేను గుంటూరు మిర్చి యార్డుకి వస్తున్నాను. పొడపత్రి ఆకు తడిగుడ్డలో చుట్టి తెస్తాను, ఎక్కడ ఇవ్వమంటారో చెప్పండి.